ఆరో ఇటుక

పళ్ళసెట్ల గది నుంచి,
తొలివాన పడిన సాయంత్రం

చెల్లికి అన్నయ్య ఆశీస్సులు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నువ్వడిగిన పుస్తకాలు రెండూ అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, పార్సిల్ ఆఫీసు బల్ల మీద పడేస్తే నా పని అయిపోయేది. కానీ బల్ల వెనకున్న గుమస్తా "లోపల ఏముంది పెద్దాయనా?" అన్నాడు. అలవాటు కొద్దీ "ఇటుకలు" అన్నాను. పెట్టె విప్పించాడు. మళ్ళీ కట్టుకోవడానికి ఇంటికి తెచ్చుకున్నాను. ఎలాగూ విప్పి ఉంది కదా అని ఈ నాలుగు ముక్కలూ రాసి పైన పెడుతున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీ కొడుకు, మన పొడుగు మాటెత్తగానే నువ్వు ఫోన్ పెట్టేస్తావు. ఉత్తరాన్ని విసిరికొట్టినా మళ్ళీ తీసి చదువుతావని ఆశ.

ఈ పుస్తకాలకి ఇటుకలు అన్న పేరు పెట్టింది వాడే. ఒక్కోటి తల కింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు. ఒకే కథ, అలాంటివి ఏడు. ఓడలో ఎలక్ట్రీషియన్‌గా చేరేముందు ఏడూ తెచ్చి నా షెల్ఫులో పెట్టి, "మావయ్యా, వీటికి చెద పట్టిందంటే నీ పళ్ళన్నీ పీకేస్తా" అని బెదిరించి వెళ్ళాడు. నా నోట్లో ఉన్నవన్నీ నేను చేసుకున్నవేనని వాడికీ తెలుసు.

నీకు కొలతల చీటీలు తప్ప ఏదీ చదివే అలవాటు లేదు. అందుకని ముందే హెచ్చరిస్తున్నాను. మొదటి పేజీలోనే ఒక మ్యాపు ఉంటుంది. భయపడకు. అందులో గీసిన ప్రతి కొండకీ, ప్రతి వాగుకీ కథ వెళ్ళి తీరుతుంది, కరెంటు మీటర్లు చూసేవాడు ఏ గడపా వదలనట్టు. తర్వాత రాజుల వంశవృక్షం. దాటేయి, వాళ్ళంతా ఎలాగూ చస్తారు. పాటలు వస్తాయి. సైనికులు ప్రాణాలమీదికొచ్చిన వేళ కూడా నిలబడి చరణం తర్వాత చరణం పాడతారు. అవీ దాటేయి. నేను ఒక్కటీ చదవలేదు, ఏ లోటూ తెలియలేదు. వీటిని మన భాషలోకి మార్చినాయన అలిసిపోయిన చోటల్లా అందరూ నిట్టూరుస్తుంటారు. రాజు నిట్టూరుస్తాడు, వంటవాడు నిట్టూరుస్తాడు, గుర్రం కూడా నిట్టూరుస్తుంది. పాపం, ఆయన్ని క్షమించెయ్.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. ఐదో తరగతితో బడికి దండం పెట్టి పళ్ళసెట్లు చేయడంలో పడ్డవాణ్ణి. ఎవరి గురించి చదివినా ముందు నోట్లోకి చూస్తాను. ఏడు ఇటుకల్లో ఒక్క మనిషికి పన్ను కదలదు! మూడొందల ఏళ్ళ మంత్రగాడు కాల్చిన మాంసం కరకరా నములుతాడు. సగం జీవితం చెరసాలలో కుళ్ళిన సేనాపతి బయటికొచ్చి నవ్వితే ముత్యాలు మెరుస్తాయి. రెక్కల పామునైనా నమ్ముతాను గానీ ఆ సేనాపతి పలువరసని నమ్మను. ఈ మాటంటే పొడుగు, "నీకు కథ అక్కర్లేదు మావయ్యా, చిగుళ్ళు కావాలి" అనేవాడు.

సరే. ఉత్తరం ఎందుకు వద్దనుకున్నానో ఇప్పుడు చెబుతా. ఓడ మునిగిందని కంపెనీ మనుషులు వచ్చి చెప్పి నాలుగేళ్ళు దాటింది. కొందరి శవాలు ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, మనవాడిది రాలేదు. ఇన్నాళ్ళూ వాడి పుస్తకాల ఊసెత్తనిదానివి ఇప్పుడెందుకు అడిగావా అని ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ రాయబుద్ధి కాలేదు.

ఇంకో సంగతి. మొన్న నీ కోడలు నన్ను చూడటానికి వచ్చింది. నీకు చెప్పే వచ్చానంది. చాలాసేపు కూర్చుంది. ఏదో చెప్పబోయి మానేసి, ఆరబెట్టిన పళ్ళసెట్లన్నిటినీ ఒకటొకటిగా చూసి, "వస్తాను మావయ్యగారూ" అని లేచిపోయింది. ఆ ఇంట్లో ఏం జరుగుతోంది?

నీ అన్నయ్య


కుట్టుమిషన్ దగ్గర నుంచి,
ముసురు పట్టిన మధ్యాహ్నం

అన్నయ్యకి నమస్కారాలు.

పెట్టె అందింది. ఈ ఇంట్లో ఏమీ జరగడం లేదు. నేను ఆస్పత్రి ఆయాల యూనిఫారాలు కుడుతున్నాను, కోడలు కాజాలు కుడుతోంది. ఈ మధ్య నాతో మాటలు తగ్గించింది, అంతే.

మొదటి ఇటుక అయిపోయింది. నువ్వు దాటేయమన్నవేవీ దాటేయలేదు. పాటలు కూడా చదివాను. బాగాలేవు.

నాకూ కొన్ని సందేహాలున్నాయి. ఇంతమంది మగాళ్ళు నెలల తరబడి గుర్రాల మీద ఊరేగుతుంటే వాళ్ళ ప్యాంట్లు ఎవరు కుడుతున్నారు? తొడల దగ్గర పిగిలిపోవాలి కదా! ఆ అడవిపిల్ల తెల్లగౌను ముళ్ళపొదల్లోంచి బయటికొస్తే ఒక్క దారం లేవదు. వానలో తడుస్తుంది, గుహలో పడుకుంటుంది, మర్నాడు గంజి పెట్టి ఇస్త్రీ చేసినట్టు నిలబడుతుంది. రాసినాయన పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజైనా తన బట్టలు తను ఉతుక్కున్నాడా?

కానీ అన్నయ్యా, యువరాజు కొండకొమ్ము మీంచి నదిలో పడే చోటు మాత్రం బాగా రాశాడు. నది పొడవునా వెతుకుతారు. పై అంగీ దొరుకుతుంది, మనిషి దొరకడు. వాళ్ళమ్మ పెద్దరాణి ఏడవదు. "వాడి కుర్చీ తీయొద్దు" అంటుంది, అంతే. అక్కడ ఆపేసి, టీ పెట్టుకుని, ఆ పేజీ మళ్ళీ చదివాను.

ఈ కథ నాకు కొత్తది కాదు. పొడుగు నా మిషన్ పక్కన పీటేసుకుని, మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటే, ఇదంతా చెబుతూనే ఉండేవాడు. నేను ఊఁ కొడుతూ కుట్టుకునేదాన్ని. సగం మిషన్ చప్పుడులో పోయింది. ఆ పోయిన సగం కోసమే ఇప్పుడు చదువుతున్నాను. ఒక్క మాట మాత్రం బాగా గుర్తుంది. "అమ్మా, ఈ పుస్తకాల్లో ఒకటే రూలు. శవాన్ని చూపించలేదంటే మనిషి చావలేదని అర్థం."

యువరాజు ఎన్నో ఇటుకలో వెనక్కొస్తాడు? దాచకుండా రాయి.

నీ చెల్లి


పళ్ళసెట్ల గది నుంచి,
వాన తెరిపిచ్చిన పూట

చెల్లికి,

ఎన్నో ఇటుకలో వస్తాడు, అసలు వస్తాడా రాడా, ఇవి నేను చెప్పను. ఇలా ముందే చెప్పేసే పెద్దమనిషి ఒకడు మా వీధి లైబ్రరీకి వచ్చేవాడు. మనం పుస్తకం చేతిలోకి తీసుకోగానే "అయ్యో, ఆ అమ్మాయి చచ్చిపోతుందండీ" అని సానుభూతి చూపించేవాడు. ఆయనకి కింది పళ్ళసెట్టు నేనే చేశాను. కొంచెం బిగుతుగా చేశాను.

పొడుగు చెప్పిన రూలు నిజమే. ఈ రకం పుస్తకాలన్నిటికీ వర్తిస్తుంది. కానీ ఆ రూలు ఎందుకొచ్చిందో వాడు నీకు చెప్పలేదు. రాసేవాడికి ముందుచూపు ఎక్కువ. నాలుగు సంపుటాల తర్వాత మనుషులు తక్కువైతే పనికొస్తాడని ఒకణ్ణి చంపీ చంపనట్టు పక్కన పెట్టుకుంటాడు, నువ్వు కత్తిరింపు ముక్కలు మూటగట్టి దాచుకున్నట్టు. నేను చదివిన ఇంకో సిరీస్‌లో ఒక ముసలి సేనానిని మూడుసార్లు చంపి మూడుసార్లు లేపాడు. రెండోసారి ఏడ్చాను. మూడోసారి పుస్తకం మూసేసి ఇల్లు ఊడ్చుకున్నాను. చచ్చినవాడు లేస్తుంటే బతికున్నవాళ్ళకి విలువ పోతుంది. సముద్రానికి ఆ ముందుచూపు లేదమ్మా. అది ఎవర్నీ దాచిపెట్టుకోదు.

కోడలు మళ్ళీ వచ్చింది. ఈసారి నోరు విప్పింది. మీ వీధి చివర కళ్ళద్దాల దుకాణం ఉంది కదా, భార్య పోయినాయనది. చలికాలం వచ్చేలోగా ఆయన దుకాణం ఎత్తేసి వేరే ఊరు వెళుతున్నాడు. దీన్ని పెళ్ళి చేసుకుని తీసుకెళతానన్నాడు. దీనికీ ఇష్టమే. కానీ పొడుగు పోయినట్టు కాగితం లేనిదే ఆ పెళ్ళి చెల్లదు. శవం లేదు కాబట్టి భార్య మాట ఒక్కటే చాలదట. కన్నతల్లి వచ్చి, అధికారి ముందు నిలబడి, నా కొడుకు లేడు అని చెప్పాలట.

నిన్నడిగే ధైర్యం దానికి లేదు. నాకూ లేదు, అందుకే కాగితం చాటు నుంచి అడుగుతున్నాను. దానికి ముప్పై నిండలేదే. మేడమీద గదిలో దాన్ని ఎన్నాళ్ళు కూర్చోబెడతాం?

మూడు, నాలుగు, ఐదు పంపుతున్నాను.

నీ అన్నయ్య


కుట్టుమిషన్ దగ్గర నుంచి

అన్నయ్యా,

కళ్ళద్దాలాయన సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని కోడలికీ తెలుసు. మధ్యలో నిన్ను రాయబారం పంపడం ఎందుకు?

నువ్వు చెప్పిన ఆ అధికారి ముందుకి వెళ్ళి నా కొడుకు లేడు అని నేనంటే, అప్పుడు పోతాడు వాడు. ఇంకా పోలేదు. సముద్రం వల్ల కానిది నా నోటితో చేయించాలని చూస్తున్నారు మీరిద్దరూ.

మూడో ఇటుకలో మంత్రులు పెద్దరాణి దగ్గరికి వస్తారు. చేతులు కట్టుకుని, "అమ్మా, కుర్చీ ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచుతాం?" అంటారు. ఎంత మర్యాదో, ఎంత జాలో! నీ ఉత్తరం అచ్చం అలాగే ఉంది. నాలుగో ఇటుకలో ఆవిడకి చెవుడొస్తుంది. ఎవరేం చెప్పినా వినపడదు. నువ్వేమనుకున్నా సరే, మొత్తం కథలో నాకు నచ్చిన మనిషి ఆవిడే.

కోడలికి నేనేం తక్కువ చేశాను? ఒక్క మాట తూలానా? ఒక ఇంట్లో ఇద్దరం ఎదురుచూస్తుంటే చెరో వైపు పట్టుకున్నట్టుండేది. అది వదిలేసింది. చెప్పకుండా వదిలేసింది. ఎప్పుడు వదిలేసిందో కూడా నాకు తెలీదు. బరువంతా ఒక్కసారి నామీద పడ్డాక తెలిసింది.

ఐదో ఇటుక చివర్న ఒక జాలరి వచ్చి, దూరంగా ఒక దీవిలో గడ్డం పెరిగిన మనిషి ఉన్నాడనీ, తన పేరేమిటో తనకే గుర్తులేదనీ చెబుతాడు. అక్కడ పుస్తకం అయిపోయింది. రెండు రోజులుగా మిషన్ ముట్టుకోలేదు. ఆరోది వెంటనే పంపు.

చెల్లి


పళ్ళసెట్ల గది నుంచి,
ఎండ కాచిన రోజు

చెల్లికి ఆశీస్సులు.

నువ్వు రాసినవి చదివాను. రాయనివి కోడలు చెప్పింది. కళ్ళద్దాల దుకాణానికి వెళ్ళావట. జనం ఉండగా, "నా కొడుకు శవం ఎప్పుడు తేలుతుందా అని కాచుక్కూర్చున్నావా?" అని ఆయన్ని నిలదీశావట. ఫ్రేములున్న అద్దాల పెట్టె మీద కత్తెర విసిరావట. ఆయన వంగి గాజుపెంకులు ఏరుకున్నాడట. ఆ మర్నాటి నుంచి కోడలు మెట్లు దిగడం లేదటగా? పక్కింటావిడతో చీటీ పంపింది నాకు. "మావయ్యగారూ, నాకేమీ వద్దు, అత్తయ్య మళ్ళీ మామూలుగా అయితే చాలు" అని. పోయినసారి ఇక్కడికొచ్చినప్పుడు దాని చేతులు చూశాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఇక ఆరో ఇటుక. అది నా దగ్గర లేదు. పొడుగు ఓడ ఎక్కుతూ దాన్ని వెంట తీసుకెళ్ళాడు, దాంతోపాటే పోయింది. ఎక్కడా దొరకడం లేదు. కానీ నేను అంతకుముందే చదివాను కాబట్టి, నీకు కావాల్సిన ముక్క గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. దీవిలో గడ్డపు మనిషి యువరాజు కాడు. వాడెవడో దారితప్పిన వర్తకుడు. ఆ తర్వాత ఇలా ఉంటుంది:

"వరద తగ్గిన ఉదయం నది తన దగ్గరున్న దానిని ఇసుకపై విడిచి వెళ్ళింది. కాపలావారు కబురంపగా పెద్దరాణి పల్లకీ వద్దని నడిచి వచ్చెను. ముఖమును నీళ్ళు తినివేసినవి. ఇతడు ఎవడైనా కావచ్చునని మంత్రులు పలికిరి. రాణి మోకాళ్ళపై కూర్చుండి, బొటనవ్రేలితో పైపెదవిని ఎత్తి చూచెను. ముందరి పన్ను అంచు విరిగి ఉండెను. చిన్ననాడు కోటమెట్లపై పడినపుడు విరిగిన పన్ను అది. రాణి నిట్టూర్చెను. తానే స్వయముగా నీళ్ళు తెచ్చి కడిగెను. చెవుల వెనుక ఇసుకను, వేళ్ళ నడుమ ఇసుకను కడిగెను. మరునాడు కోడలిని పిలిచి, కోటద్వారపు గడియ తానే తీసి, 'నీవు వెళ్ళుము తల్లీ, నిన్ను బంధించినది నది కాదు, నేను' అనెను."

ఇదీ జరిగింది. నాకు ఈ సిరీస్ మొత్తంలో నచ్చిన అధ్యాయం ఇదొక్కటే. శవాన్ని చూపించాడు చెల్లీ. రూలు ప్రకారమే చూపించాడు.

నీ అన్నయ్య


కుట్టుమిషన్ దగ్గర నుంచి,
ఉత్తరం అందిన రోజే

అన్నయ్యా,

వాడి సంచి సర్దింది నేను. చొక్కాలు, బనీన్లు, దగ్గుమందు, తాళంచెవి కట్టిన తాడు. పుస్తకం లేదు. ఉంటే బరువని తీసేసేదాన్ని.

ఐదు ఇటుకలు చదివాను నేను. ఒక్కరికి పన్ను కదలలేదని మొదటి ఉత్తరంలో నువ్వే మొత్తుకున్నావు. అలాంటిది ఆరోదాంట్లో హఠాత్తుగా పెద్దరాణి పెదవి ఎత్తి పన్ను చూసిందా? ఆ లోకంలో ఎవరి నోట్లోకైనా ఎవరైనా చూశారా ఇంతవరకూ? నువ్వు తప్ప ఇంకెవరు చూస్తారు!

పైగా కోడలికి తలుపు తీసిందట. ఏ కోడలు? యువరాజుకి పెళ్ళే కాలేదు కదయ్యా. ఆ అడవిపిల్లకి ఉంగరం ఇద్దామనుకుంటుండగానే నదిలో పడ్డాడు. ఆవేశంలో వాడికి పెళ్ళి కూడా చేసేశావు.

పన్ను విరిగింది పొడుగుకి. కోటమెట్ల మీద కాదు, మన నీళ్ళట్యాంకు మెట్ల మీద. దానికి తొడుగు చేసింది నువ్వు.

నీ అబద్ధం ఎంతసేపు చదివానో అడగవా? ఎవరో రాసిన దానిలా చదవలేకపోయాను. చెవుల వెనక ఇసుక అని రాశావు. ఆ ముక్క ఎందుకు రాశావు అన్నయ్యా? మిగతాదంతా చదివి నవ్వాను కూడా. అక్కడ నా చేతులు ఆగిపోయాయి. వాడికి స్నానం చేయించినప్పుడల్లా అక్కడే మరిచిపోయేదాన్ని.

అసలు పుస్తకం నీ షెల్ఫులోనే ఉంది. పంపు. అందులో ఏముందో నేనే చూసుకుంటాను.

చెల్లి


పళ్ళసెట్ల గది నుంచి

చెల్లీ,

ఇదిగో ఆరోది.

ఉంది, నా దగ్గరే ఉంది. ముందుమాటలు ఏమీ రాయను. యువరాజు వస్తాడు. మొదటి అధ్యాయంలోనే వస్తాడు. బతికే వస్తాడు. దీవిలో ఉన్నది వాడే. అందుకే పంపలేదు.

ఇది చదివాక నువ్వు ఆ ఆఫీసుకి వెళ్ళవని నాకు తెలుసు. దాచి నీతో మాట్లాడటం నాకు చేతకాలేదు. పన్ను దగ్గర దొరికిపోతానని తట్టి ఉండాల్సింది. కళ్ళద్దాలాయన ఈ వారంలో సామాను కట్టేస్తున్నాడని కోడలు మళ్ళీ చీటీ పంపింది. నీకు చెప్పొద్దంది.

అన్నయ్య


కుట్టుమిషన్ దగ్గర నుంచి,
చలిగాలి మొదలైంది

అన్నయ్యకి నమస్కారాలు.

ఆరో ఇటుక చదివాను. మొదటి అధ్యాయం చదివి, మిగతాది చదవలేదు. నువ్వన్నట్టే వచ్చాడు.

ఎలా వచ్చాడో నీకు గుర్తుందా? తెల్ల గుర్రం, తెల్ల అంగీ. కోటగుమ్మం ముందు ఆగాడు. పెద్దరాణికి చెవుడు దానంతటదే పోయింది. "నాయనా!" అంది. వాడు నిట్టూర్చాడు. తర్వాతి పేజీలో యుద్ధానికి బయల్దేరిపోయారు. ఐదు ఇటుకల పొడవునా కుర్చీ పట్టుకుని కూర్చున్న మనిషికి ఒకే ఒక్క పేజీ పడేశాడు, ముష్టి పడేసినట్టు.

ఆవిడ వాడి చేతులు పట్టుకుని చూడలేదు అన్నయ్యా. ఎక్కడ పడుకున్నావు, ఎవరు పెట్టారు నీకింత తిండి అని అడగలేదు. చిక్కిపోయావు అనలేదు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని ఒక్క దెబ్బయినా వేయలేదు. వాడూ అంతే. అంత దూరం నుంచి వచ్చినవాడు ఆకలి అనడా? పొడుగు పక్కవీధికి వెళ్ళొచ్చినా చెప్పులు విడవకుండానే "అమ్మా, ఏముంది?" అనేవాడు. గుర్రం మీంచి దిగినవాడు ఎవడో నాకు తెలీలేదు. ఆవిడ కొడుకు మాత్రం కాదు.

వాడు రావడం నేను ఆ రాసినాయన కంటే బాగా అనుకున్నాను. గేటు గొళ్ళెం చప్పుడు దగ్గర్నుంచి అనుకున్నాను. ఏ చొక్కా వేసుకుంటాడో, గడ్డం ఎంత పెరిగి ఉంటుందో, నేను తిడితే ఎటు చూస్తాడో, అన్నీ. ఒక్క దారం వదలకుండా అనుకున్నాను. నాలుగేళ్ళు రోజూ అనుకున్నాను. అంత బాగా అనుకున్నా రాలేదు.

మంగళవారం ఆఫీసుకి వెళ్ళాను. కోడల్ని రమ్మన్నాను. బల్ల వెనక అధికారి చిన్నవాడే, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"శవాన్ని చూశారా అమ్మా?" అన్నాడు.

"లేదు బాబూ."

"మరి చనిపోయారని మీకెలా తెలుసు?"

కోడలు గోడవైపు తిరిగింది. ఆయన తొందరపెట్టలేదు.

"బతికుంటే వచ్చేవాడు," అన్నాను. "వాడు నన్నిలా ఉంచడు."

"ఆ మాట రాయడానికి వీల్లేదమ్మా. చనిపోయాడు అని మీరు చెబితే రాసుకుంటాను."

"చనిపోయాడు," అన్నాను. "నా కొడుకు చనిపోయాడు. రాసుకో."

రాసుకుని, చదివి వినిపించాడు. ఇంకోసారి వినాల్సొచ్చింది.

బయటికొచ్చాక కోడలు మెట్ల మీద కూలబడి ఏడ్చింది. జనం చూస్తున్నారని కూడా లేదు. "అత్తయ్యా, నేనెక్కడికీ వెళ్ళను, మీతోనే ఉంటాను" అంటుంది. "ఉండి?" అన్నాను. "కాజాలు కుడతావా? నేను పోయేదాకా కుడతావా? ఆ తర్వాత ఎవరింట్లో కుడతావు?" దానికింకా ఏడుపు ఎక్కువైంది. మంచిగా చెప్పడం నాకెప్పుడు వచ్చింది గనక. ఎత్తి రిక్షా ఎక్కించాను. ఏమీ బరువు లేదు అన్నయ్యా అది. ఈ బట్టల మూట బరువు కూడా లేదు.

కళ్ళద్దాలాయన సామాను కట్టేశాడు గానీ వెళ్ళలేదు. నేను దుకాణం ముందు ఆగాను. అద్దాల పెట్టెకి కొత్త అద్దం వేయించాడు. క్షమించమని అడగడానికే వెళ్ళాను. నమస్కారం మాత్రం పెట్టాను. ఆయనా పెట్టాడు. "లోపలికి రండి" అన్నాడు. రాలేనన్నాను.

నిన్న వెళ్ళిపోయారు. కోడలు గుమ్మంలో నా కాళ్ళు పట్టుకోబోతే వద్దన్నాను. వాడి చొక్కా ఒకటి అడిగింది. ఇవ్వలేదు. అది అడగడం తప్పు కాదు, నేను ఇవ్వకపోవడమూ తప్పు కాదు. బండి మలుపు తిరిగాక, ఇవ్వాల్సిందేమో అనిపించింది. అప్పటికి వెళ్ళిపోయింది.

నువ్వు ఇప్పుడే రాకు. చలి తగ్గాక రా. వచ్చినప్పుడు ఇటుకల గురించి మాట్లాడకు, ఇంకేదైనా మాట్లాడు.

కోడలి మంచం మేడమీదే ఉండిపోయిందని ఇవాళ ఇద్దరు మనుషుల్ని పెట్టి దింపించి, వాళ్ళకి పంపించాను. మెట్ల మలుపులో పట్టలేదు. మంచంకోళ్ళు ఊడదీసి దింపారు. గోడకి కొంచెం సున్నం రాలింది.

నీ చెల్లి